సీటు వచ్చాక మొదలవ్వాల్సిన కౌన్సెలింగ్

"కౌన్సెలింగ్" అనే మాట వినగానే మనలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ర్యాంక్ కార్డు. ఆ తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్, నెట్ సెంటర్లో క్యూ, వెబ్ ఆప్షన్స్, అలాట్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని అర్ధరాత్రి దాకా రిఫ్రెష్ కొట్టిన పేజీ. ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్ అయింది గానీ మన ఊళ్లలో కౌన్సెలింగ్ అంటే ఇప్పటికీ సీటే. సీటు వచ్చేసిందంటే కౌన్సెలింగ్ అయిపోయినట్టే.

ఈ మాటకు రెండో అర్థం కూడా ఉంది. అది పోలీస్ స్టేషన్‌ది. "మద్యం తాగి బండి నడిపిన యువకులకు తల్లిదండ్రుల సమక్షంలో కౌన్సెలింగ్" అని జిల్లా పేజీలో వార్త వస్తుంది. అంటే తప్పు చేసినవాడిని నలుగురిలో నిలబెట్టి బుద్ధి చెప్పడం.

మూడో అర్థం ఒకటుంది. మనసు బాగోలేనప్పుడు, దారి తెలియనప్పుడు, ఆ పని కోసమే చదువుకున్న ఒక మనిషి మన ఎదురుగా కూర్చుని, మనల్ని తిట్టకుండా, మన గురించి ఇంకొకరికి చెప్పకుండా వినడం. మన ఫైనల్ ఇయర్‌లో సగం మంది జీఆర్ఈ పుస్తకాలు, ఐఈఎల్‌టీఎస్ స్లాట్లు, బ్యాంకు లోన్ల మధ్య తిరుగుతున్నాం. మనకు మొదటి రెండు అర్థాలూ బాగా తెలుసు. మూడోది తెలీదు. తెలియకుండానే విమానం ఎక్కేస్తున్నాం. అది ఎంత నష్టమో, దానికి మనం ఇక్కడే ఏం చెయ్యొచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

రొయ్య వెనకే మనం

మన తీరానికీ విదేశానికీ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో చూడాలంటే రొట్టెల పండగకు వెళ్లాలి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె ఉన్నాయి. వాటి పక్కనే విదేశీ రొట్టె కూడా ఉంది. కాన్సులేట్ ముందు నిలబడాల్సిన బిడ్డ కోసం తల్లి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడుతుంది. అంత ఆశ మనది. దాన్ని ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు.

ఆ ఆశకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా మనకు తెలుసు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా గుంటలు, గుంటల్లో తిరిగే ఏరేటర్లు. మన దేశపు రొయ్యకు అతి పెద్ద మార్కెట్ అమెరికాయే. ముందు రొయ్య పోతుంది, దాని మీద వచ్చిన డబ్బుతోనో, గుంట తాకట్టు పెట్టి తెచ్చిన లోనుతోనో వెనకే పిల్లోడు పోతాడు. 2025లో ఈ రెండు దారుల్లోనూ ఒకేసారి దెబ్బ తగిలింది. ఏప్రిల్‌లో అమెరికాలో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కోర్టులకు వెళ్లాక నెలాఖరుకు తిరిగి పెట్టారు. ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరి రొయ్య రేటు పడింది. సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. నాయన ఇక్కడ కౌంట్ రేటు చూసి నిద్రపోడు, కొడుకు అక్కడ వార్తలు చూసి నిద్రపోడు. ఫోన్లో మాత్రం "ఎట్టుండావు నాయనా?" "బాగుండాను నాన్నా. మీరెట్టుండారు?" "మాకేంది, బాగుండాం" అనుకుంటారు. రెండు వైపులా అబద్ధమే. ప్రేమతో చెప్పుకునే అబద్ధం.

ఎంతమంది వెళ్తున్నారో చూద్దాం. ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కన 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటి మనం మొదటి స్థానంలోకి వచ్చాం. 2024-25లో ఆ సంఖ్య 3,63,019 అయింది. ఇందులో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఏ సీనియర్‌ని అడిగినా చెప్తాడు. ఇంకో లెక్క కూడా ఉంది. దాన్ని కన్సల్టెన్సీ ఫ్లెక్సీ మీద వెయ్యరు. 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు చెప్పిన ప్రకారం, అంతకుముందు అయిదేళ్లలో విదేశాల్లో చనిపోయిన భారతీయ విద్యార్థులు 633 మంది. కెనడాలో 172, అమెరికాలో 108. జబ్బులు, ప్రమాదాలు, అన్ని కారణాలూ కలిపిన లెక్క ఇది. అందరినీ ఏదో ఒక కౌన్సెలర్ కాపాడేవాడని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ వెళ్లేవాడికి కష్టం వస్తే ఎవరి తలుపు తట్టాలో చెప్పి పంపడం మన కనీస బాధ్యత కాదా?

కమిషన్ తీసుకునే కౌన్సెలర్

ఇప్పుడు మనకు ఆ తలుపు చూపిస్తున్నది ఎవరు? కన్సల్టెన్సీలో టేబుల్ వెనక కూర్చున్న అన్న. ఆయన కార్డు మీద "ఓవర్సీస్ ఎడ్యుకేషన్ కౌన్సెలర్" అని ఉంటుంది. మన పర్సంటేజీ, బ్యాక్‌లాగ్‌లు, నాన్న చూపించగలిగే ఆస్తి చూసి పది నిమిషాల్లో అయిదు యూనివర్సిటీల పేర్లు రాసిస్తాడు. కొన్ని యూనివర్సిటీలు చేర్పించిన ఒక్కో విద్యార్థికి ఇంత అని ఏజెంటుకు కమిషన్ ఇస్తాయి. ఇదేం రహస్యం కాదు, చాలా దేశాల్లో చట్టబద్ధమైన వ్యాపారమే. నిజాయతీగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. కానీ కమిషన్ ఇచ్చే యూనివర్సిటీ మీకు నప్పదని చెప్పడం ఆయనకు నష్టం. మీకు అసలు ఈ ఏడాది వెళ్లొద్దని చెప్పడం ఇంకా నష్టం. నష్టపోయే సలహా ఇవ్వలేని మనిషిని కౌన్సెలర్ అనకూడదు. సేల్స్‌మన్ అనాలి. సేల్స్‌మన్ దగ్గర ఫోన్ కొనడం తప్పు కాదు. జీవితం గురించి సలహా అడగడమే తేడా.

ఆ తేడా తెలియకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు రెండుసార్లు పెద్ద పాఠం చెప్పారు. మొదటిది 2011 జనవరి. కాలిఫోర్నియాలో ప్లెజెంటన్ ఊళ్లోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. చదువు పేరుతో వీసా పత్రాలు అమ్ముకున్న సంస్థ అది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీలో పడ్డాయి. యూనివర్సిటీ పెట్టినామెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

రెండోది 2019 జనవరి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. వెబ్‌సైట్ ఉంది, గుర్తింపు ఉందని కనిపించింది, ఆఫీసు ఉంది. లేనివి క్లాసులు, లెక్చరర్లు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే, అండర్‌కవర్‌లో. అందులో 600 మంది దాకా చేరారు. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించి డబ్బు తీసుకున్న 8 మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. చేరినవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. చేర్పించినవాళ్లూ మనవాళ్లే. అప్పుడు మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లను చూశాయి. కానీ అదంతా ఇల్లు కాలాక చేసిన పని.

ప్రభుత్వమే వల పన్నడం న్యాయమా అంటే, దాని మీద పెద్ద చర్చే నడిచింది. ఆ కోపం నాకూ ఉంది. కానీ మన వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. వాళ్లలో చాలామంది మొదట మంచి యూనివర్సిటీల్లోనే చేరి, తర్వాత హెచ్-1బి లాటరీలో పేరు రాకనో, తమ యూనివర్సిటీకి గుర్తింపు పోవడం వల్లనో స్టేటస్ నిలబెట్టుకోవడానికి ఇటు మారినవాళ్లు. ఆ రోజు వాళ్లు ఎవరిని అడిగారు? రూమ్మేట్‌ని, రూమ్మేట్ ఫ్రెండ్‌ని, రిఫరల్ ఫీజు వచ్చే ఇంకో అన్నని. "అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అన్నది వాళ్లు విన్న కౌన్సెలింగ్. అంతకుముందు చదివిన యూనివర్సిటీలోనే ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంది. క్లాసులే లేని చోటికి ట్రాన్స్‌ఫర్ అయితే వీసా స్టేటస్ నిలబడదని అక్కడ అరగంటలో చెప్పేవాళ్లు. ఆ అరగంట చాలామంది అడగలేదు. అడగొచ్చని మనం వాళ్లకు చెప్పి పంపలేదు.

అక్కడ ఇద్దరుంటారు, ఇద్దరూ వేరు

అక్కడి క్యాంపస్‌లో మన కోసం రెండు రకాల మనుషులుంటారు. ఈ తేడా ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి.

ఒకరు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ. మన ఐ-20 మీద సంతకం పెట్టేది ఈయనే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విదేశీ విద్యార్థులు పెరగడంతో ఇలాంటి సలహాదారులంతా కలిసి 1948లో నాఫ్సా అనే సంఘం పెట్టుకున్నారు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన ఉద్యోగం కాదు. ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి, క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని నియమం ఏంటి, ఓపీటీకి ఎప్పుడు అప్లై చెయ్యాలి, ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే ఎలా, ఇవన్నీ ఈయన్నే అడగాలి. అయితే ఈయనకు ప్రభుత్వానికి రిపోర్ట్ చేసే బాధ్యత కూడా ఉంటుంది. మన రిజిస్ట్రేషన్, అడ్రస్ మార్పు సెవిస్‌లో ఎక్కించేది ఈయనే.

రెండోవారు కౌన్సెలింగ్ సెంటర్‌లో ఉండే సైకాలజిస్టు లేదా కౌన్సెలర్. ఈమెకు సెవిస్‌తో సంబంధం లేదు. మనం చెప్పింది ప్రొఫెసర్‌కి చెప్పదు, అమ్మానాన్నలకు చెప్పదు, ఇమిగ్రేషన్ వాళ్లకు చెప్పదు. ప్రాణానికి వెంటనే ప్రమాదం ఉన్నప్పుడు, పసిపిల్లల మీద హింస సంగతి తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలాంటి కొద్ది సందర్భాలే దీనికి మినహాయింపు. అవేంటో మొదటి రోజే కాగితం మీద చూపిస్తారు. చాలా యూనివర్సిటీల్లో మనం కట్టే ఫీజులోనే ఈ సర్వీసు కలిసి ఉంటుంది. అంటే మనం డబ్బు కట్టేశాం, వాడుకోవడం లేదు. మెస్ బిల్లు కట్టి పస్తులున్నట్టు.

ఎందుకు వాడుకోం? నాకు కనిపించిన కారణాలు ఇవి.

మొదటిది వీసా భయం. "కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే రికార్డులో పడుతుంది, హెచ్-1బికి అడ్డం పడుతుంది" అనే మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పైన చెప్పిందే దానికి జవాబు. నిజానికి సంగతి తల్లకిందులు. వెళ్లకపోవడమే వీసాకు ప్రమాదం. ఎలాగో చెప్తాను. ఎఫ్-1 మీద ఉన్నవాడు ఫుల్ టైమ్ చదవాలి. మనసు కుంగి మంచం దిగలేక, ఎవరికీ చెప్పకుండా ఒక కోర్సు డ్రాప్ చేస్తే స్టేటస్ పోతుంది. అదే డాక్టరో లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో లెటర్ ఇస్తే, ముందుగా డీఎస్ఓ అనుమతి తీసుకుని కోర్సులు తగ్గించుకోవచ్చు. పూర్తిగా ఆపుకోవచ్చు కూడా. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు దీనికి వీలుంది. డిప్రెషన్ కూడా జ్వరంలాంటి జబ్బే అని ఆ దేశపు ఇమిగ్రేషన్ నియమమే ఒప్పుకుంటోంది. మనమే ఒప్పుకోం. ఒక్కటే షరతు, కోర్సు డ్రాప్ చెయ్యకముందు అడగాలి. డ్రాప్ చేశాక అడిగితే లాభం లేదు.

రెండోది సిగ్గు. "పిచ్చోళ్లు కదా పోయేది" అనే మాట. మనలో చాలామందికి మనసు బాధ తలనొప్పిగా, అరగకపోవడంగా, తెల్లవారుజాము మూడింటికి మెలకువ రావడంగా బయటపడుతుంది. దానికి ఇంటి నుంచి పంపిన మాత్రలు వేసుకుంటాం. అమ్మ ఫోన్లో "దిష్టి తగిలుంటుంది" అంటుంది. దిష్టి తియ్యడానికి అక్కడ ఎవరూ లేరు. దిష్టి తీసినప్పుడు కూడా మనకు హాయినిచ్చేది ఉప్పూ మిరపకాయలూ కాదు కదా, ఒక మనిషి మనకోసం అయిదు నిమిషాలు కూర్చోవడం.

మూడోది భాష. ప్రాజెక్టు గురించి ఇంగ్లిష్‌లో గంట మాట్లాడగలం. "మనసంతా దేవినట్టుంది" అన్నదాన్ని ఇంగ్లిష్‌లో ఎట్లా చెప్తాం? ఇది నిజమైన కష్టమే. వచ్చీరాని మాటల్లో మొదలుపెట్టినా వినడం వాళ్ల పని అని మాత్రం గుర్తుంచుకుందాం. అపాయింట్‌మెంట్ అంటేనే బెదిరేవాళ్ల కోసం కార్నెల్ యూనివర్సిటీలో "లెట్స్ టాక్" అని మొదలుపెట్టారు. కౌన్సెలరే క్యాంపస్‌లో అక్కడక్కడా వచ్చి కూర్చుంటారు. ఫారం నింపక్కర్లేదు, వెళ్లి పావుగంట మాట్లాడి రావచ్చు. ఇప్పుడది చాలా యూనివర్సిటీల్లో ఉంది.

నాలుగోది అమ్మానాన్నలు. ఇక్కడ మనం ఒక్క పూట క్లాసు ఎగ్గొడితే సాయంత్రానికి ఇంటికి మెసేజ్ పోతుంది. అక్కడ 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరినవాడి రికార్డు మీద హక్కు వాడిదే. మామూలుగా వాడి సంతకం లేకుండా ఇంటికి ఏమీ చెప్పరు. "మావాడు కాలేజీకి వస్తుండాడా సార్?" అని కోవూరు నుంచి నాయన ఫోన్ చేసినా జవాబు రాదు. ఇక్కడ ఇరవై రెండేళ్లు మనల్ని పట్టుకుని ఉన్న చెయ్యి ఒక్క రోజులో వదిలేస్తుంది. వదిలేసిన సంగతి నాయనకూ తెలీదు, మనకూ తెలీదు.

ఎప్పుడు కుంగుతాం?

దీని మీద పాత పరిశోధన ఒకటి ఇప్పటికీ ఆసక్తిగా ఉంటుంది. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన 200 మంది నార్వే స్కాలర్లను లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో పరిశీలించాడు. వెళ్లి ఆరు నెలలు కానివాళ్లు బాగానే ఉన్నారు. ఏడాదిన్నర దాటినవాళ్లూ బాగానే ఉన్నారు. ఆరు నెలలకూ పద్దెనిమిది నెలలకూ మధ్య ఉన్నవాళ్లే అన్నింటికన్నా ఇబ్బందిలో ఉన్నారు. దీన్నే "యు" ఆకారపు గీత అంటారు. తర్వాతి పరిశోధకులు అందరి విషయంలో ఇది ఇలాగే ఉండదన్నారు. సరే, చట్టం కాదు. కానీ ఆ కాలాన్ని మన ఎంఎస్ క్యాలెండర్ మీద పెట్టి చూడండి. ఆరో నెల అంటే రెండో సెమిస్టర్. తీసుకెళ్లిన ఆవకాయ అయిపోయి ఉంటుంది, మొదటి మంచు మీద సెల్ఫీలు అయిపోయి ఉంటాయి. ఇంటర్న్‌షిప్ దొరకలేదు. లోన్ వడ్డీ నడుస్తోంది. పద్దెనిమిదో నెల అంటే డిగ్రీ చివర. అంటే మన చదువు దాదాపు మొత్తం ఆ పల్లంలోనే నడుస్తుంది.

ఇక్కడో పెద్ద చిక్కు కూడా ఉంది. డిగ్రీ అయ్యాక ఓపీటీ మొదలవుతుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే మొత్తం 150 రోజులు. రోజులు లెక్కపెట్టుకుంటూ రూములో కూర్చునే ఆ కాలంలోనే మనిషి ఎక్కువ నలుగుతాడు. కానీ అప్పటికి విద్యార్థి కాడు కాబట్టి చాలాచోట్ల క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్ తలుపు మూసుకుపోతుంది. అందుకే చదువుతున్నప్పుడే ఆ తలుపు వాడుకోవాలి, బయటికొచ్చాక ఎక్కడికి వెళ్లాలో అక్కడే అడిగి పెట్టుకోవాలి. అమెరికాలో ఎక్కడున్నా, ఏ వీసా మీదున్నా 988 నంబర్‌కి ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. 2022 జూలై నుంచి పనిచేస్తోంది. ఆపదలో ఆదుకోవడానికి తానాకు "టీమ్ స్క్వేర్" ఉంది. ఈ రెండూ పాస్‌పోర్ట్ జిరాక్స్ పక్కనే రాసిపెట్టుకోవాల్సినవి.

"మాకు రూమ్మేట్లు చాలు"

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్తే మా క్లాసులో ఒకడన్నాడు: "ఇదంతా తెల్లోళ్ల పద్ధతి బా. మనకు ఫ్రెండ్స్ ఉంటారు, గుడి ఉంటుంది, వీకెండ్ బిర్యానీ ఉంటుంది. డబ్బు కష్టానికి కౌన్సెలర్ ఏం చేస్తాడు, లోన్ కడతాడా?"

వాడి మాటలో సగం నిజముంది. ఆ నిజాన్ని ఒప్పుకోవాలి. కౌన్సెలర్ లోన్ కట్టడు, హెచ్-1బి లాటరీ తిప్పడు. కౌన్సెలింగ్ సెంటర్ల సంఘం అయిన ఐఏసీఎస్ 1,000 నుంచి 1,500 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలంటుంది. అంత మందికి ఒకరంటే క్యూలు ఎట్లా ఉంటాయో ఊహించుకోవచ్చు. అక్క పెళ్లికి చేసిన అప్పు తీర్చడం తమ్ముడి బాధ్యత ఎందుకయిందో అమెరికన్ కౌన్సెలర్‌కు అర్థమయ్యేలా చెప్పడానికే ఒక సెషన్ పట్టొచ్చు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకు కారేసుకొచ్చేది కౌన్సెలర్ కాదు, మన సీనియరే.

కానీ రూమ్మేట్‌కు ఒక ఇబ్బంది ఉంది. వాడూ అదే పడవలో ఉన్నాడు. వాడికీ అదే లోను, అదే 90 రోజులు. మునుగుతున్నవాడు మునుగుతున్నవాడిని పట్టుకుంటే ఏమవుతుందో మైపాడు బీచ్‌లో లైఫ్‌గార్డులను అడిగితే చెప్తారు. పైగా రూమ్మేట్‌కి చెప్పింది రూమ్మేట్ దగ్గర ఆగదు. వాడి పెద్దమ్మ కొడుకు ద్వారా కావలికి, కావలి నుంచి మన వీధికి రావడానికి రెండు రోజులు చాలు. అందుకే మనవాళ్లు రూమ్మేట్‌కి కూడా "బాగుండా" అనే చెప్తారు. కాబట్టి స్నేహితుడా, కౌన్సెలరా అని పోటీ పెట్టక్కర్లేదు. స్నేహితుడు చెయ్యాల్సిన అతి గొప్ప పని ఏంటంటే, "నాతో రా, బయట కూర్చుంటా" అని కౌన్సెలింగ్ సెంటర్ దాకా తోడు నడవడం.

మన గేటు లోపల

అమెరికా వాళ్లు మన పిల్లల్ని ఎట్లా చూసుకోవాలో చెప్పేముందు మన గేటు లోపల కూడా చూద్దాం. మన దేశానికీ విదేశీ విద్యార్థులు వస్తారు. కేంద్రం 2018లో "స్టడీ ఇన్ ఇండియా" మొదలుపెట్టింది. 2021-22 ఏఐఎస్‌హెచ్ఈ సర్వే ప్రకారం మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో 170 దేశాల నుంచి 46,878 మంది ఉన్నారు. వాళ్లలో 28 శాతం నేపాల్ వాళ్లే. ఆంధ్రలోనూ నేపాల్, బంగ్లాదేశ్, ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు. మెస్‌లో మూడు పూటలా అన్నమే. అనౌన్స్‌మెంట్ తెలుగులో, జోకులు తెలుగులో, తిట్లు కూడా తెలుగులో. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా వాళ్ల పక్కన కూర్చోరు. "నల్లోడు" అని వినపడేలా అంటారు, తెలుగు రాదు కదా అని. వాడికి ఆ ఒక్క మాట మొదటి వారంలోనే అర్థమైపోతుంది. న్యూజెర్సీలో ఎవరైనా మనల్ని చూసి ముఖం తిప్పుకుంటే వివక్ష అని పోస్టు పెడతాం. సూళ్లూరుపేట బస్సులో మనం తిప్పుకున్న ముఖానికి పేరేంటి?

విదేశీ విద్యార్థుల కోసం ప్రతి సంస్థలోనూ ఇంటర్నేషనల్ అఫైర్స్ ఆఫీసు పెట్టుకోవాలని యూజీసీ 2021లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. ఇక అందరి విషయానికొస్తే, 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనిదే. విశాఖపట్నంలో కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మరణం కేసు. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్‌ని గానీ సైకాలజిస్టుని గానీ సోషల్ వర్కర్‌ని గానీ కనీసం ఒకరిని నియమించాలని కోర్టు చెప్పింది. టెలిమానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలంది. టెలిమానస్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మన ప్రాంతంలో ఏ ఇంజనీరింగ్ కాలేజీలో 100 మంది కన్నా తక్కువ ఉన్నారు? కాబట్టి ఇది అందరికీ వర్తిస్తుంది. ప్లేస్‌మెంట్ సెల్‌కు ఏసీ గది ఉంటుంది, కౌన్సెలింగ్ రూమ్ అని బోర్డున్న చోట పాత ఆన్సర్ షీట్ల కట్టలు ఉంటే ఎట్లా? ఇక్కడ నాలుగేళ్లలో ఒక్కసారైనా కౌన్సెలర్ ఎదుట కూర్చోనివాడు అక్కడికి పోయి, పరాయి భాషలో, పరాయి మనిషి తలుపు తడతాడా? తట్టడు. అలవాటు ఇక్కడే కావాలి. ఇక్కడ తలుపు ఉంటేనే అక్కడి తలుపు కనపడుతుంది.

నేను అడిగేవి

కాలేజీ వాళ్లను ఒకటి అడుగుతున్నా. వీసా స్టాంపింగ్ అయినవాళ్లకు ప్రతి జూన్, జూలైలో ఒక పూట సదస్సు పెట్టండి. కన్సల్టెన్సీ స్పాన్సర్‌షిప్ వద్దు. అక్కడ చదువుతున్న ఇద్దరు సీనియర్లు ఆన్‌లైన్లో రావాలి. వాళ్లలో ఒకరు కష్టపడుతున్నవారై ఉండాలి. జాబ్ కొట్టినవాడి స్పీచ్ మనకు ఎటూ లింక్డ్‌ఇన్‌లో దొరుకుతుంది.

అదే సదస్సులో ఒక గంట అమ్మానాన్నలకు కేటాయించండి. ఫెర్పా అంటే ఏంటో, డీఎస్ఓ ఎవరో, బిడ్డ నాలుగు రోజులు ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలో తెలుగులో చెప్పండి. "ఎన్ని మార్కులొచ్చాయి, జాబ్ ఎప్పుడు" అనేవాటి బదులు "నిద్ర పడతా ఉందా?" అని అడగమనండి. అది ఏ సైకాలజిస్టయినా మొదట అడిగే ప్రశ్న.

వెళ్తున్న మిత్రులను ఒకటి అడుగుతున్నా. అక్కడ దిగిన మొదటి నెలలో, బాగున్నప్పుడే, ఒకసారి కౌన్సెలింగ్ సెంటర్ ఎక్కడుందో చూసి రండి. సిమ్ కార్డు కొన్నట్టు, బ్యాంకు ఖాతా తెరిచినట్టు. గేదెకు రోగమొచ్చిన రాత్రి పశువుల ఆసుపత్రి ఎక్కడుందని ఏ రైతూ వెతకడు, ముందే తెలుసుకుని ఉంటాడు.

ఇక్కడే ఉండిపోయే మనకూ ఒక పని ఉంది. వెళ్లినవాడికి "ఏంరా, డాలర్లేనా?" అని మెసేజ్ పెట్టడం మానేద్దాం. అక్కడ రాత్రి పదయితే టెక్సాస్ టైమ్‌లో మనకు పొద్దున ఎనిమిదిన్నర. కాలేజీ బస్సు కోసం ఎదురుచూసే టైమ్. ఆ పది నిమిషాలు వాడికిద్దాం. వాడు "బాగుండా" అంటే, ఇంకోసారి అడుగుదాం.